ఇంట్లో కుట్టుకునేవాళ్ళకు ఏ కత్తెర మంచిది? రోటరీ కట్టర్ నిజంగా కావాలా?

మిషన్ కొనేముందు పదిమందిని అడుగుతాం, నాలుగు షాపులు తిరుగుతాం. కత్తెర దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇంట్లో ఏదో ఒకటి ఉందిగా" అనుకుంటాం. ఆ ఏదో ఒకటి పాల ప్యాకెట్లు, కొరియర్ కవర్లు, పిల్లల చార్టులు కోసి కోసి ఎప్పుడో మొద్దుబారి ఉంటుంది. దాంతో పల్చటి లైనింగ్ కత్తిరించబోతే బట్ట తెగదు, రెండు బ్లేడ్ల మధ్య మడతపడి నలుగుతుంది. బ్లౌజు మెడ ఒకవైపు పావంగుళం ఎక్కువ పోతుంది. ఆ తర్వాత ఎంత చక్కగా కుట్టినా ఆ పావంగుళం వెనక్కి రాదు.

ఇక ఆన్‌లైన్‌లో వెతికితే ఇంకో రకం టెన్షన్. రోటరీ కట్టర్లు (గుండ్రటి బ్లేడు చక్రంతో బట్ట కోసేవి), జిగ్‌జాగ్ కత్తెరలు (అంచును పళ్ళు పళ్ళుగా కోసేవి), బ్యాటరీ కత్తెరలు, ఇరవై వస్తువుల కిట్లు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్లౌజులు, పిల్లల గౌన్లు, చీర ఫాల్స్, చుడీదార్లు కుట్టుకునే ఇంటికి కావలసినవి మూడే: బట్టకు మాత్రమే వాడే మంచి కత్తెర, దారాలు తెంచే చిన్న కట్టర్, కుట్లు విప్పే సీమ్ రిప్పర్. డబ్బులో ఎక్కువ భాగం మొదటిదానికే పెట్టండి. కాగితాలకు ఇంట్లో ఉన్న ఆ పాత కత్తెర చాలు. రోటరీ కట్టర్ మంచి వస్తువే కాని అందరికీ కాదు. కిట్ల జోలికి అసలు పోవద్దు. డబ్బా నిండా వస్తువులు ఉంటాయి, నమ్మకంగా బట్ట మీద పెట్టగల కత్తెర మాత్రం ఉండదు.

నేల మీదా, బల్ల మీదా?

కొనేముందు ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. మన ఇళ్ళలో చాలామంది హాల్లో నేల మీద బట్ట పరిచి, ఓ కాలు చాపుకుని కూర్చుని కత్తిరిస్తారు. టైలర్ షాపులో నడుమెత్తు బల్ల దగ్గర నిలబడి కత్తిరిస్తారు. టైలర్ మెచ్చుకున్న వస్తువు మనకు నప్పకపోవడానికి ఇది పెద్ద కారణం.

టైలర్ కత్తెర పిడి ఎలా ఉంటుందో చూడండి. బ్లేడ్లతో తిన్నగా కాకుండా కాస్త పైకి వంగి ఉంటుంది. అందువల్ల కింది బ్లేడు నేలకు ఆనుకునే ముందుకు జరుగుతుంది, బట్ట పెద్దగా పైకి లేవదు. పిడి తిన్నగా ఉన్న మామూలు కత్తెరైతే మన వేళ్ళు పట్టడానికే బట్టను నేల నుంచి రెండు మూడు అంగుళాలు లేపాలి. లేపిన ప్రతిసారీ పై పొర ఒకవైపు, కింది పొర ఇంకోవైపు జరుగుతాయి. నేల మీద కత్తిరించేవాళ్ళు వేరే ఏది చూసినా చూడకపోయినా పిడి వంపు చూసి కొనాలి.

రోటరీ కట్టర్‌తో బట్ట అసలు లేవదు, అది దాని గొప్ప గుణం. కాని దాన్ని పైనుంచి నొక్కుతూ తోసుకుపోవాలి. బల్ల దగ్గర నిలబడితే భుజం బలం సాయపడుతుంది. నేల మీదైతే మోకాళ్ళ మీద వంగి, భారమంతా మణికట్టు మీద వేయాలి. కాసేపటికే నడుము పట్టేస్తుంది. డైనింగ్ టేబుల్ ఖాళీ చేసుకోగలిగితేనే రోటరీ గురించి ఆలోచించండి. ఎత్తు మాటకొస్తే వంటింటి గట్టు ఇంకా హాయి, కాని పట్టు జాకెట్టు ముక్కను అక్కడ పరిచే ధైర్యం నాకు లేదు.

బట్ట కత్తెర: ఏ సైజు, ఏ రకం

టైలర్లు 10 నుంచి 12 అంగుళాల కత్తెరలు వాడతారు. వాళ్ళకు రోజంతా అదే పని, నాలుగు పొరలు ఒకేసారి పడేసి కోస్తారు. ఇంట్లో అంత పెద్దది చేతికి బరువు. 8 లేదా 9 అంగుళాలు సరిపోతుంది, చిన్న చెయ్యి అయితే 8 చాలు. ఇంకా తగ్గి 6 అంగుళాలకు దిగితే వేరే ఇబ్బంది. పొడవాటి గీత మీద ఎక్కువసార్లు మూసి తెరవాలి, మూసిన ప్రతిచోటా అంచులో చిన్న మెట్టు పడుతుంది. అందుకే పెద్ద కత్తెర వాడేటప్పుడు కూడా మొన దాకా పూర్తిగా మూయకుండా, ముప్పాతిక మూసి మళ్ళీ ముందుకు జరపడం అలవాటు చేసుకుంటే అంచు నున్నగా వస్తుంది.

షాపులో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి బరువైన ఇనుప కత్తెర, రెండోది ప్లాస్టిక్ పిడి ఉన్న తేలికపాటి స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తెర.

ఇనుప కత్తెరలంటే ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ పేరు చెప్పుకోవాలి. మీరట్ కత్తెరలకు 2013లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువన్న అధికారిక గుర్తింపు వచ్చింది. పాత లారీలు, బస్సులు, రైళ్ళ తుక్కు ఉక్కుతో అక్కడ బ్లేడ్లు తయారు చేస్తారు. "దాదా లే, పోతా బర్తే" అని వాళ్ళ సామెత, తాత కొన్నది మనవడు వాడతాడని. మరీ గొప్పలు అనుకోనక్కర్లేదు. ఈ రకం కత్తెరను ఎన్నోసార్లు సాన పట్టించవచ్చు, వదులైతే బిగించవచ్చు. జీన్స్, కర్టెన్లు, సోఫా కవర్లు, నాలుగు మడతల కాటన్ దీనికి లెక్క కాదు. తుప్పు ఒక్కటే దీని బలహీనత. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఒక వర్షాకాలం బీరువా పైన మర్చిపోతే చాలు, బ్లేడ్ల మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి.

తేలికపాటి రకానికి దారి చూపింది ఫిన్లాండ్ కంపెనీ ఫిస్కార్స్. 1967లో వాళ్ళు నారింజ రంగు ప్లాస్టిక్ పిడితో కత్తెర తెచ్చారు. ఆ పోలికతో చేసినవే ఇప్పుడు ఎక్కడ చూసినా. మణికట్టుకు, బొటనవేలికి హాయి. అంత తేలిగ్గా తుప్పు పట్టదు. కాని చవక రకాల్లో రెండు బ్లేడ్లను స్క్రూతో కాకుండా రివిట్టు కొట్టి బిగిస్తారు. అది వదులయ్యాక బాగుచేసే దారి లేదు, కాగితాల కత్తెరల డబ్బాలోకి పోవలసిందే.

రోజూ కుట్టేవాళ్ళు, నలుగురికి కుట్టిపెట్టేవాళ్ళు 9 అంగుళాల ఇనుప కత్తెర తీసుకోండి. నెలకు రెండు మూడు బ్లౌజులు కుట్టుకునేవాళ్ళకు స్క్రూ ఉన్న 8 అంగుళాల స్టెయిన్‌లెస్ హాయి. వేలి కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కూడా ఇదే చెబుతాను.

ఆన్‌లైన్ కంటే టైలరింగ్ మెటీరియల్ అమ్మే షాపులో కొనడమే మేలు, ఎందుకంటే చేత్తో పట్టి చూడొచ్చు. పర్సులో ఒక పల్చటి లైనింగ్ ముక్క, ఒక మందపాటి కాటన్ ముక్క పెట్టుకుని వెళ్ళండి. ముందు కత్తెర మూసి, పక్కనుంచి వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. బ్లేడ్లు స్క్రూ దగ్గర, మొన దగ్గర తగలాలి, మధ్యలో సన్నటి సందు కనపడాలి. ఆ సందు లోపం కాదు. బ్లేడ్లకు ఉన్న ఆ కొద్దిపాటి వంపు వల్లే మూసేటప్పుడు రెండు అంచులూ ఒక్క బిందువు దగ్గర నొక్కుకుంటూ, ఆ బిందువు ముందుకు జరుగుతూ బట్టను తెంచుతుంది. సందు లేకుండా పలకల్లా అతుక్కుపోయిన కత్తెర కొత్తలో కూడా బట్టను నములుతుంది. తర్వాత లైనింగ్ ముక్కను ఒకే పొరగా పట్టుకుని, చివరి అరంగుళంతో మాత్రమే కత్తిరించండి. మొన దగ్గర శుభ్రంగా తెగితేనే చంక మలుపుల్లో, మెడ మూలల్లో గాట్లు పెట్టడానికి పనికొస్తుంది. చాలా కత్తెరలు ఇక్కడే దొరికిపోతాయి. చివరగా మందపాటి ముక్కను నాలుగు మడతలు వేసి స్క్రూకు దగ్గరగా కోయండి. షాపతను విసుక్కుంటే పక్క షాపుకు వెళ్ళండి.

జార్జెట్, షిఫాన్, శాటిన్ ఎక్కువగా కుట్టేవాళ్ళు ఒక విషయం గమనించాలి. కొన్ని కత్తెరల్లో ఒక బ్లేడు అంచు మీద కంటికి సరిగా ఆనని సన్నటి పళ్ళు ఉంటాయి. జారే బట్టను అవి పట్టి ఉంచుతాయి, కోత పక్కకు పోదు. కాని మామూలు సాన పడితే ఆ పళ్ళు అరిగిపోతాయి. కాబట్టి ఇది రెండో కత్తెరగా బాగుంటుంది, ఉన్న ఒక్కగానొక్క కత్తెరగా కాదు.

జరీ సంగతి వేరు. అసలైన జరీలో లోహం ఉంటుంది. కంచి, ధర్మవరం పట్టు అంచుల మీద రోజూ నడిపితే ఎంత మంచి పదునైనా తగ్గుతుంది. మగ్గం వర్క్ బ్లౌజుల్లో పూసలు, కుందన్లు కోతగీతకు దగ్గరగా ఉంటాయి, ఒక్క గాజుపూస బ్లేడ్ల మధ్య పడితే అంచు మీద గంటు పడుతుంది. ఇలాంటి పనికి రిటైరైన పాత బట్ట కత్తెరను సాన పట్టించి విడిగా ఉంచుకోండి.

ఎడమచేతి వాటం వాళ్ళు సర్దుకుపోవద్దు. మామూలు కత్తెరను ఎడమ చేత్తో పడితే వేళ్ళ ఒత్తిడి బ్లేడ్లను దగ్గరికి నొక్కాల్సింది పోయి దూరం చేస్తుంది. పైగా పై బ్లేడు గీతను కప్పేస్తుంది, ఎక్కడ కోస్తున్నామో కనపడదు. పిడి ఆకారం రెండు చేతులకూ సరిపోతే చాలదు, బ్లేడ్ల అమరికే తిరగేసి ఉండాలి. పేకెట్ మీద రెండు చేతులకూ పనికొస్తుందని రాసినవాటిలో చాలావరకు పిడి మాత్రమే మార్చినవే.

రోటరీ కట్టర్ ఎవరికి

ఇది పిజ్జా కోసే చక్రం లాంటిది, కాని బ్లేడు పదును వేరే లోకం. జపాన్ కంపెనీ ఓల్ఫా 1979లో దీన్ని తెచ్చింది. అతుకుల దుప్పట్లు కుట్టే విదేశీ గృహిణులు దీనికి పెద్ద అభిమానులు. మన బొంతకు కూడా ఇది సరిగ్గా సరిపోతుంది. పాత కాటన్ చీరలు ఇస్త్రీ చేసి, మడతలు వేసి, స్కేలు ఆనించి లాగితే నాలుగైదు పొరలు ఒకే కొలతలో చదరాలుగా వచ్చేస్తాయి.

పైపింగ్ కోసం క్రాస్ ముక్కలు కత్తిరించడంలో కత్తెరకీ దీనికీ తేడా బాగా తెలుస్తుంది. కత్తెరతో అయితే బట్టను ఏటవాలుగా మడిచి, చాక్‌తో అంగుళంపావు దూరంలో గీతలు గీసి, ఒక్కో గీత వెంటా పోవాలి. ఏటవాలు బట్ట సాగుతుంది కదా, చేతిలోకి లేచిన ప్రతిసారీ గీత వంకరపోతుంది. పట్టీ ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం. పైపింగ్ తిప్పాక మెడ చుట్టూ అదే కనపడుతుంది. రోటరీతో చాక్ గీతలే అక్కర్లేదు. గళ్ళున్న పారదర్శక స్కేలును అంగుళంపావు దగ్గర పెట్టి, పక్కనే ఒక్క లాగు. బట్ట కదలదు, పట్టీ అంతా ఒకే వెడల్పు. పైపింగ్, ఫ్రిల్స్, టేబుల్ మ్యాట్లు, సంచులు, బొంతలు లాంటి తిన్నటి కోతలున్న పని ఎక్కువైతే రోటరీ కొనండి.

బ్లౌజు కోతకు మాత్రం నేను దీన్ని సిఫార్సు చేయను. చంక మలుపు దగ్గర స్కేలు సాయం ఉండదు, చేతి నమ్మకం మీదే తిప్పాలి. రెండు గీతలు కలిసే మూల దగ్గర చక్రం ఒక అడుగు ముందుకు వేసి లోపలి బట్టను కోసేస్తుంది. గాట్లు పెట్టడం ఎలాగూ దీనివల్ల కాదు, మళ్ళీ కత్తెర తీయాల్సిందే.

పైగా కట్టర్ ఒక్కటీ కొంటే అయిపోదు. అడుగున కోతకు తట్టుకునే కటింగ్ మ్యాట్ కావాలి. గ్రానైట్ మీదో టైల్స్ మీదో ఒక్కసారి లాగితే బ్లేడు పాడైపోతుంది. చెక్క మీద లాగితే గాడి పడి, తర్వాతి కోతలో బ్లేడు ఆ గాడిలోకే జారుతుంది. ఏ3 సైజు మ్యాట్ కాగితం పనికి సరే, బట్టకు చిన్నది. కనీసం ఏ2, అంటే సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉండాలి. మందపాటి స్కేలు, మ్యాట్, విడి బ్లేడ్లు కలిపితే కట్టర్ కంటే వాటికే ఎక్కువ అవుతుంది. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ మొత్తం లెక్క చూసుకోండి. మ్యాట్‌కు వేడి పడదు. ఎండ పడే కిటికీ పక్కన, కారు డిక్కీలో పెడితే వంకర తిరుగుతుంది, ఇక తిన్నగా అవదు. గోడకు చేరవేయకుండా మంచం మీద పరుపు కింద పెట్టేయండి, బాగుంటుంది.

బ్లేడు సైజుల్లో 45 మిల్లీమీటర్లదే కొనండి. 28 మిల్లీమీటర్లది చిన్న మలుపులకు, 60 మిల్లీమీటర్లది మందపాటి పొరలకు. 45కి విడి బ్లేడ్లు తేలిగ్గా దొరుకుతాయి. కోసుకుపోతుంటే దాదాపు ప్రతి 14 సెంటీమీటర్లకు ఒక దారం తెగకుండా మిగులుతోందా? బ్లేడు అంచు మీద ఒకచోట గంటు పడిందన్నమాట. 45 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే అంత దూరం వస్తుంది. పిన్ను మీద నడిపితే ఎక్కువగా జరిగేది ఇదే. అందుకే దీనితో పనిచేసేటప్పుడు పిన్నుల బదులు బరువులు పెట్టుకోండి, చిన్న స్టీలు గిన్నెలు చాలు. పని ఆపిన ప్రతిసారీ బ్లేడు మూత వేయాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ అలవాటు పడుతుందన్న నమ్మకం లేకపోతే కత్తెరతోనే ఉండిపోండి.

దారం కట్టర్, సీమ్ రిప్పర్

దారం కట్టర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మిషన్ పక్కన పెట్టుకునే స్ప్రింగు రకం, వంద రూపాయల లోపే దొరుకుతుంది. ఇది ఉంటే పెద్ద కత్తెర మొనతో దారాలు తెంచబోయి బట్టకు కన్నం పెట్టే ప్రమాదం తప్పుతుంది.

కుట్లు విప్పడానికి ఇంకా చాలా ఇళ్ళలో షేవింగ్ బ్లేడే. చెయ్యి తిరిగినవాళ్ళకు అది వేగమే, కాదనను. కాని పాత బ్లౌజు లూజు చేసేటప్పుడు బట్ట అరిగి ఉంటుంది, బ్లేడు కొంచెం పక్కకు పోయినా చీల్చేస్తుంది. సీమ్ రిప్పర్‌కు రెండు కొమ్ములు ఉంటాయి, ఒకటి సూదిగా, ఒకటి పొట్టిగా చివర ఎర్రటి బొడిపెతో. విడి కుట్టు కిందకు సూది కొమ్ము దూర్చాలి. రెండు బట్టల మధ్య కుట్టును వరసగా విప్పేటప్పుడు బొడిపె కొమ్మును బట్టకు ఆనించి తోయాలి. పదును ఉన్నది రెండు కొమ్ముల మధ్య ఆ చిన్న వంపులోనే, బొడిపె బట్టను కాపాడుతుంది. మిషన్‌తో కుట్టిన కాజా తెరిచేటప్పుడు చివర అడ్డంగా ఒక గుండుసూది గుచ్చండి. రిప్పర్ అక్కడ ఆగిపోతుంది, కాజా చిరగదు. దీనికి సాన ఉండదు, లాగవలసి వస్తోందంటే కొత్తది కొనడమే.

జిగ్‌జాగ్ కత్తెర చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాటన్ అంచులు దారాలు ఊడకుండా కొంత ఆపుతుంది, ఉతుకుల మీద ఉతుకులు పడితే ఆపదు. షిఫాన్ మీద దండగ. మిషన్‌లో జిగ్‌జాగ్ కుట్టు ఉన్నా, వీధి చివర ఓవర్‌లాక్ చేసేవాళ్ళున్నా ఇది కొనక్కర్లేదు. ఫెల్ట్ బొమ్మలు చేసేవాళ్ళకు అంచు అందంగా వస్తుంది, అంతే.

కాగితం, అట్ట, రిబ్బన్

కాగితం మెత్తగా ఉన్నా, దాన్ని నున్నగా చేయడానికి కలిపే సుద్ద, బంకమన్ను లాంటి ఖనిజాలు పదునును అరగదీస్తాయి. బట్ట కత్తెరకు ఎర్రదారం ముక్క ఒకటి కట్టేయండి, ఎర్రదారం ఉన్నది ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ తెలియాలి.

అట్టపెట్టెలు, ఫోమ్ బోర్డు, బొమ్మల కొలువు మెట్ల అలంకరణలకు కత్తెర కంటే విరిచే బ్లేడున్న కట్టర్ నయం. ఇది కూడా ఓల్ఫా వాళ్ళదే, 1956లో ఒసాకాలో పుట్టింది. చాక్లెట్ బిళ్ళను గళ్ళుగా విరిచే తీరు చూసి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. కాగితానికి 9 మిల్లీమీటర్ల బ్లేడు, మందపాటి అట్టకు 18. ప్లాస్టిక్ స్కేలు ఆనిస్తే స్కేలునే కోస్తుంది, స్టీలు స్కేలు వాడండి. ఒకేసారి బలంగా కాకుండా తేలిగ్గా రెండు మూడు సార్లు లాగండి. మొన మొద్దుబారగానే విరిచేయాలి. పీనాసితనంతో అదే మొన వాడితే ఎక్కువ నొక్కాల్సి వస్తుంది, వేళ్ళు తెగేది అప్పుడే.

శాటిన్ రిబ్బన్ పూలు చేసేవాళ్ళు కత్తిరించాక అంచును కొవ్వొత్తి మంట పక్కన ఒక్క క్షణం ఆడిస్తే దారాలు ఊడవు. పాలిస్టర్ కరిగి అతుక్కుంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. పట్టు, కాటన్ కరగవు, కాలతాయి. ఏదో తెలియకపోతే ఒక ముక్క మీద చూసుకోండి.

సాన పట్టించేటప్పుడు

అల్యూమినియం ఫాయిల్ కత్తిరిస్తే పదును వస్తుందని వీడియోల్లో చూపిస్తారు. అంచు మీద లేచిన సన్నటి పెచ్చులు కొంత సర్దుకుంటాయి, అందుకే కాసేపు మెరుగనిపిస్తుంది. పోయిన పదును దాంతో రాదు.

వీధిలోకి వచ్చే సానవాళ్ళకు ఇవ్వొచ్చు, కాని దగ్గర నిలబడండి. కత్తెరకు సాన పెట్టాల్సింది బయటివైపు ఏటవాలు అంచుకే. బ్లేడ్లు ఒకదానికొకటి ఆనే లోపలి వైపును చక్రానికి పెడితే ఇందాక చెప్పిన ఆ వంపు పోతుంది, కత్తెర పని అయిపోయినట్టే. "లోపలి వైపు పెట్టకు అన్నా" అని ముందే చెప్పండి. టైలర్లు ఎక్కడ పట్టిస్తారో కనుక్కుని అక్కడ ఇస్తే ఇంకా మంచిది. అయ్యాక స్క్రూ దగ్గర ఒక చుక్క మిషన్ నూనె వేసి, నాలుగుసార్లు తెరిచి మూసి, పాత గుడ్డతో తుడవండి. తడిపిన పల్చటి లైనింగ్ ముక్కను మొనతో కత్తిరించి చూడండి. తడిబట్ట శుభ్రంగా తెగితేనే డబ్బులు ఇవ్వండి.